చప్పుడు చేయని యంత్రం

యంత్రం అంటే ఏదో ఒకటి తిరగాలి, ఏదో ఒకటి కాలాలి, ఎక్కడో ఒకచోట మోత పుట్టాలి. పిండిమర, బోరు మోటారు, ట్రాక్టరు, లారీ, నాకు తెలిసినవన్నీ ఈ కోవలోవే. పావగడ తాలూకా తిరుమణి దగ్గర నేను చూసిన యంత్రంలో తిరిగే చక్రం లేదు, పొగ గొట్టం లేదు, నూనె మరక లేదు. పక్కన నిలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ మౌనంలోనే 2,050 మెగావాట్ల కరెంటు పుట్టే ఏర్పాటు ఉంది! సోలార్ పార్కు గురించి పేపర్లలో చదివినవాళ్లం, టీవీలో చూసినవాళ్లం చాలామందిమే ఉంటాం. చదవడం వేరు, ఆ పలకల మధ్య నిలబడడం వేరు. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచి కనపడిన ప్రతివాళ్లకూ ఇదే చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెప్పాలి.

ముందు ఊరి సంగతి. పావగడ తుమకూరు జిల్లాలో ఉంది గానీ దానికి మూడు వైపులా ఆంధ్రే. ఒక పక్క మడకశిర, మరో పక్క రొద్దం, రామగిరి, ఇంకో పక్క కుందుర్పి. బస్టాండులో బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో. అనంతపురం సీమ యాస విన్నవాళ్లకు అక్కడ పరాయి ఊరన్న భావమే కలగదు. శనిమహాత్ముడి గుడికి వచ్చే భక్తుల వల్ల పావగడ పేరు దూరప్రాంతాల్లో తెలుసు. ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి గుడీ అంతే. కుక్కె, ఘాటి, నాగలమడికె మూడూ చూస్తే యాత్ర పూర్తయినట్టని అంటారు. నాగలమడికె హోబళి (తాలూకాలో ఒక భాగం)లోనే ఉంది తిరుమణి.

తిరుమణిలో టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన పలకరించాడు. "ప్లేట్లు చూసేకి వచ్చినారా సార్?"

"అవును పెద్దాయనా."

"చూడండి. అవన్నీ మా చేన్లే."

ఆ 'చేన్లు' ఎంతున్నాయో అర్థం కావాలంటే కాస్త ఎత్తున్న చోటికి ఎక్కాలి. బలసముద్ర, తిరుమణి, క్యాతగానచర్లు, వళ్లూరు, రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ల పొలాల్లో 13,000 ఎకరాలు. చదరపు కిలోమీటర్లలో చెబితే యాభైకి పైన. కనుచూపు మేరా ముదురు నీలం రంగు వరసలు, అన్నీ దక్షిణం వైపు కొంచెం వాలి ఉన్నాయి. ఒక్కో పలక 330 వాట్లదనుకుని లెక్కవేస్తే 2,050 మెగావాట్లకు అరవై లక్షల పలకలు దాటతాయి. లెక్క కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను. అరవై లక్షలు! ఒక తాలూకాలో, అయిదు ఊళ్ల చేలల్లో!

శక్తిస్థల అని పేరు పెట్టిన ఈ పార్కులో మొదటి 600 మెగావాట్లను 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు. 2019 చివరికల్లా మొత్తం పూర్తయింది. ఆ రోజుల్లో ప్రపంచంలోని అతిపెద్ద సోలార్ పార్కుల మొదటి వరసలో దీని పేరుంది. తర్వాత రాజస్థాన్‌లోని భడ్లా 2,245 మెగావాట్లతో ముందుకు వెళ్లింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పోటీ నాకు పెద్దగా పట్టలేదు. నా కళ్లన్నీ ఒక్క పలక మీదే ఉన్నాయి.

కంచె పక్కన, వరస చివర ఉన్న పలకను వెనక నుంచి చూడనిచ్చారు. వెనక ఏముంటుందని చూస్తే తెల్లటి రేకులాంటి పొర, మధ్యలో నల్లటి చిన్న పెట్టె, దాంట్లోంచి రెండు తీగలు. అంతే! ముందువైపు గాజు, గాజు కింద చదరాలు చదరాలుగా సిలికాన్ బిళ్లలు. ఈ బిళ్లల్లోనే అద్భుతమంతా ఉంది.

సిలికాన్ అంటే ఇసుకలో ఉండే మూలకమే. దాన్ని అత్యంత శుద్ధి చేసి, వెంట్రుక మందాన్ని రెండు మూడింతలు మించని పలచటి బిళ్లలుగా కోస్తారు. బిళ్లలో ఒక వైపు చిటికెడు కన్నా తక్కువ బోరాన్, మరో వైపు అంతే తక్కువ ఫాస్ఫరస్ కలుపుతారు. ఈ రెండు వైపులూ కలిసేచోట కంటికి కనపడని ఒక సరిహద్దు ఏర్పడుతుంది. సూర్యుడి నుంచి ఎనిమిది నిమిషాల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు కణం ఒకటి ఆ బిళ్లలో పడి ఒక ఎలక్ట్రానును దాని చోటు నుంచి కదిలిస్తుంది. కదిలిన ఎలక్ట్రాను అటూఇటూ తిరిగి మళ్లీ తన చోటికే చేరిపోతే మనకు ఒరిగేదేమీ లేదు. ఇక్కడే ఆ సరిహద్దు పనికొస్తుంది. మడి వాలుగా ఉంటే నీళ్లు ఒక్క వైపే పారినట్టు, ఎలక్ట్రానులన్నీ ఒక్క వైపే పోతాయి. ఆ పోకే కరెంటు. ఒక బిళ్లలో పుట్టేది అర వోల్టుకు కాస్త పైన మాత్రమే. అలాంటివి డెబ్బై రెండు బిళ్లలు వరసగా కలిపితే ఒక పలక. ఇరవై పైచిలుకు పలకలు వరసగా కలిపితే వెయ్యి వోల్టుల దరిదాపుల్లోకి వస్తుంది. ఇందులో ఏ భాగమూ కదలదు, అరగదు. వెలుగు పడినంతసేపూ పని చేస్తుంది, పొద్దు గూకితే ఆగుతుంది. రేపు పొద్దున ఎవరూ మీట నొక్కకుండానే మళ్లీ మొదలవుతుంది.

ఇంతటి వస్తువును కనిపెట్టినవాళ్లు ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు. 1839లో పారిస్‌లో, పంతొమ్మిదేళ్ల ఎడ్మండ్ బెకెరల్ అనే కుర్రాడు తన తండ్రి ప్రయోగశాలలో ఆమ్ల ద్రావణంలో ముంచిన లోహపు పలకల మీద వెలుగు పడితే కరెంటు పుడుతోందని గమనించాడు. అలా ఎందుకవుతోందో అప్పుడు ఎవరికీ తెలియదు. వెలుగుకూ ఎలక్ట్రానుకూ ఉన్న లెక్కను 1905లో ఐన్‌స్టీన్ తేల్చాడు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది సాపేక్ష సిద్ధాంతానికని చాలామంది అనుకుంటారు. 1921 నోబెల్ బహుమతి ప్రత్యేకంగా పేర్కొన్నది ఈ వెలుగు లెక్కనే.

నాకు అన్నిటికన్నా నచ్చింది రస్సెల్ ఓల్ కథ. 1940లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆయన సిలికాన్ ముక్కలను పరీక్షిస్తున్నాడు. అందులో ఒక ముక్కకు పగులు ఉంది. దీపం వెలుగు దాని మీద పడగానే కొలత పరికరం ముల్లు ఎగిరిపడింది. మిగతా ముక్కలేవీ అలా చేయలేదు. పగులుకు అటువైపు ఒక రకం మలినం, ఇటువైపు మరో రకం మలినం చేరి ఉన్నాయి. ఆ సంధి దగ్గరే కరెంటు పుడుతోంది. ఇప్పుడు తిరుమణిలో అరవై లక్షల పలకల్లో, ప్రతి బిళ్లలో ఉన్నది ఆ సంధే! అప్పుడది అనుకోకుండా ఏర్పడింది, ఇప్పుడు కావాలని చేస్తున్నారు.

1954 ఏప్రిల్ 25న అదే బెల్ ప్రయోగశాలకు చెందిన డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ పనికొచ్చే మొదటి సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపించారు. దానితో ఒక చిన్న బొమ్మ రంగులరాట్నాన్ని తిప్పారు. పడిన వెలుగులో నూటికి ఆరు వంతులే కరెంటయింది. ఈ ముగ్గురిలో చాపిన్ వెతుకులాట మొదలైన కారణం వింటే మీరూ నాలాగే ఆశ్చర్యపోతారు. ఉక్కపోత ఉండే వేడి దేశాల్లో, కరెంటు తీగలు చేరని చోట్ల టెలిఫోన్ పెట్టెలకు వాడే బ్యాటరీ సెల్లులు తొందరగా పాడైపోతున్నాయి. వాటికి బదులు ఇంకేం వాడవచ్చని ఆయన్ను చూడమన్నారు. అంటే ఈ పరికరం పుట్టుకలోనే మారుమూల వేడి ఊళ్ల అవసరం ఉంది. పావగడకు అది ఆలస్యంగా చేరింది గానీ, చేరవలసిన చోటికే చేరింది.

నాలుగేళ్లు తిరగకుండా అది ఆకాశానికీ ఎక్కింది. 1958 మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 అనే ఉపగ్రహం అడ్డం కొలిస్తే 17 సెంటీమీటర్లు కూడా లేదు, బరువు కిలోన్నర. దాని ఒంటి మీద ఆరు సౌరఘటాలు. లోపలి బ్యాటరీ కొన్ని వారాల్లోనే అయిపోయింది. సౌరఘటాలతో నడిచే ట్రాన్స్‌మిటర్ మాత్రం 1964 దాకా పలుకుతూనే ఉంది. ఆ చిన్న గోళం ఇప్పటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది.

అంత గొప్పదైతే మన ఇళ్లకు అప్పుడే ఎందుకు రాలేదంటే ధర. 1970ల చివర్లో ఒక్క వాటు సౌరఘటానికి డెబ్బై డాలర్ల పైన పడేది. అరవై వాట్ల బల్బు వెలగాలంటే నాలుగువేల డాలర్ల పలక! కాబట్టి ఉపగ్రహాలకూ, సముద్రంలో దీపస్తంభాలకూ, ఆ తర్వాత అరచేతి కాలిక్యులేటర్లకూ పరిమితమైంది. మన బడి రోజుల్లో కాలిక్యులేటర్ పైన చిన్న గోధుమరంగు కిటికీని వేలితో మూసి అంకెలు మాయమవుతుంటే చూసిన వాళ్లున్నారా? ఆ కిటికీ కూడా ఇదే బంధువర్గం. నలభై ఏళ్లలో ధర వందవంతు కన్నా కిందికి దిగింది. మన దేశంలో 2010లో పిలిచిన టెండర్లలో సౌర విద్యుత్తు యూనిట్ పది రూపాయలు దాటింది. 2017లో భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు ఇస్తామని ముందుకొచ్చారు. ఇంత వేగంగా చవకైన వస్తువు సెల్‌ఫోన్ తప్ప ఇంకొకటి నాకు తట్టడం లేదు.

తిరుమణిలో పలక నుంచి కరెంటు ఎలా బయలుదేరుతుందో కూడా చూశాను. పలకల్లో పుట్టేది ఒకే దిశలో పారే కరెంటు. మన ఇళ్లలోది సెకనుకు వందసార్లు దిశ మార్చుకునే కరెంటు. మధ్యలో ఆ మార్పు చేసే పెట్టె ఇన్వర్టర్. ఇన్వర్టర్ల దగ్గరా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరా మాత్రం సన్నటి హోరు వినిపిస్తుంది. మొత్తం పార్కును 50 మెగావాట్ల చొప్పున ముక్కలు చేసి వేర్వేరు కంపెనీలకు ఇచ్చారు. అన్నిటి కరెంటూ మెట్టు మెట్టుగా 66, 220 కిలోవోల్టులకు పెరిగి, తిరుమణిలోనే ఉన్న పవర్‌గ్రిడ్ కేంద్రంలో 400 కిలోవోల్టులయి పెద్ద స్తంభాల మీదుగా వెళ్లిపోతుంది. బెంగళూరులో ఎవరో లిఫ్టు ఎక్కుతున్నప్పుడు అందులో కాసింత తిరుమణి ఎండ ఉండే ఉంటుంది.

పలక గొప్పదే. పావగడలో దానితో సమానంగా నన్ను పట్టేసింది ఇంకొకటుంది. అది వస్తువు కాదు, ఒక ఒప్పందం. దాన్నీ నేను కొత్త ఆవిష్కరణల లెక్కలోనే వేస్తాను.

పెద్ద ప్రాజెక్టు అంటే భూములు పోవడం అని మనకు అనుభవం. డ్యాము కట్టినా, కర్మాగారం పెట్టినా, విమానాశ్రయం వచ్చినా, రైతు చేతికి ఒక్కసారి డబ్బొస్తుంది, భూమి శాశ్వతంగా పోతుంది. ఇక్కడ భూమి కొనలేదు. 2015లో కేంద్ర, కర్ణాటక ప్రభుత్వ సంస్థలు సగం సగం వాటాతో ఏర్పాటుచేసిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ రెండువేలకు పైగా రైతుల దగ్గర భూమిని కౌలుకు తీసుకుంది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. గడువు పాతికేళ్ల పైన. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. మన పల్లెల్లో కౌలుదారంటే ఎప్పుడూ బీదవాడు, భూస్వామి ముందు చేతులు కట్టుకున్నవాడు. తిరుమణిలో కౌలుదారు స్థానంలో ప్రభుత్వ సంస్థ ఉంది. దాని దగ్గర మళ్లీ పెద్ద పెద్ద కంపెనీలు స్థలం తీసుకున్నాయి. ఆసామి స్థానంలో వేరుశెనగ రైతు ఉన్నాడు. ఈ తిరగబడిన లెక్క ఎవరి ఆలోచనో గానీ వాళ్లకు దండం పెట్టాలి!

అది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే అంతకు ముందు ఆ చేలల్లో ఏముందో తెలియాలి. పావగడ కరువు తాలూకా. వర్షాకాలం అంటూ ఒకటి క్యాలెండరులో ఉంటుంది, ఆకాశంలో ఉంటుందన్న భరోసా లేదు. శెనక్కాయ విత్తి, మొలక చూసి, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే కట్టె తప్ప కాయ మిగలదు. బోరు వేస్తే వందల అడుగుల లోతు. పడినా ఆ నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు పచ్చబడి, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ జబ్బు ఈ తాలూకాకు కొత్త కాదు. బెంగళూరుకు వలస బస్సులు నిండేవి. ఇలాంటి చోట పదెకరాల మెట్ట ఉన్న రైతుకు, వాన పడ్డా పడకపోయినా, మొదట్లోనే ఏడాదికి రెండు లక్షల పదివేలు! పంటను కాల్చేసిన ఎండే ఇప్పుడు కౌలు తెస్తోంది.

ఎండ అన్నాను గనక ఒక విషయం చెప్పి తీరాలి, ఇది నేను వినేదాకా ఊహించనైనా లేదు. సోలార్ పలకకు వేడి పడదు! దానికి కావలసింది వెలుగే. పలక మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆ పైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది. మండుటెండలో పలక 60 డిగ్రీలకు ఎక్కితే పద్నాలుగు శాతం దాకా పోయినట్టే. అందుకే సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన, మబ్బు తక్కువగా, గాలి ఎక్కువగా ఉండే పావగడ మెట్ట దీనికి తగిన చోటు. పక్కనే రామగిరి గుట్టల మీద గాలిమరలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. గాలీ వెలుగూ రెండూ దండిగా ఉన్న నేలను ఇన్నాళ్లూ ఏమీ లేని నేల అన్నాం.

పలకకు ఇంకో శత్రువు దుమ్ము. దుమ్ము పట్టిన కొద్దీ కరెంటు తగ్గుతుంది, కడగాలి. నీళ్లకు కటకటలాడే తాలూకాలో కడగడానికి నీళ్లంటే మనసు చివుక్కుమంటుంది. దీనికీ ఒక పరికరం వచ్చేసింది! ఇజ్రాయెల్‌లోని ఎడారిలో కెతూరా అనే చోట 2014లో ఎకోపియా అనే కంపెనీ సుమారు వంద రోబోలను సోలార్ పలకల మీదికి దించింది. చక్రాలున్న పొడవాటి దూలం, దానికి మెత్తటి పీచు బ్రష్షు. పొద్దు గూకాక వరస పొడవునా పాకుతూ దుమ్ము ఊడ్చేస్తుంది. నీటి చుక్క అక్కర్లేదు. తనకు కావలసిన కరెంటుకు తన ఒంటి మీదే చిన్న పలక. పలకలను ఊడ్చే యంత్రం కూడా పలకతోనే నడుస్తుంది! వీడియోలో చూసి చప్పట్లు కొట్టాను. నీళ్లు లేని ప్రతి సోలార్ పార్కులోనూ ఇలాంటివే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆ నీళ్లు తాగేవాళ్లకు చెందాలి.

ఇంత సంతోషంలోనూ ఒక మాట దాచుకోలేను. భూమి ఉన్నవాళ్లకు కౌలు వస్తోంది. భూమి లేనివాళ్లకు? కలుపుకూ, కోతకూ పోయే కూలీలకు ఆ 13,000 ఎకరాల్లో ఇప్పుడు పైరు లేదు. గొర్రెలు మేపుకునేవాళ్లకు కంచె అడ్డం వచ్చింది. కొందరికి పార్కులో గడ్డి కోయడం, పలకలు కడగడం, కాపలా వంటి పనులు దొరికాయి. అందరికీ దొరకలేదు. ఇది పలక తప్పు కాదు. పెద్ద పలకల కింద చోటు దొరకనివాళ్లకు చిన్న పలకలు చేరకపోవడం వల్ల వచ్చిన లోటు. ఎందుకంటే ఈ పరికరం గొప్పతనం అదే. 2,050 మెగావాట్లకు ఏ బిళ్ల పనికొస్తుందో పది వాట్లకూ అదే బిళ్ల పనికొస్తుంది. బొగ్గు కేంద్రాన్ని ముక్కలు చేసి ఇంటికొకటి పంచలేం. దీన్ని పంచగలం.

ఆ చిన్న వస్తువుల సంగతి తెలుసుకుంటుంటే ఒక్కొక్కటీ ఒక్కో వింత. శెనక్కాయ రైతుకు తెలిసిన శత్రువు ఎర్ర గొంగళి పురుగు. తొలకరి పడగానే దాని రెక్కల పురుగులు బయటికి వస్తాయి, రాత్రుళ్లు వెలుగుకు ఎగబడతాయి. అందుకే పొలం గట్ల మీద మంటలు వేయడం పాత పద్ధతి. ఇప్పుడు సోలార్ దీపపు ఎర వచ్చింది. పగలంతా చార్జి అవుతుంది, చీకటి పడగానే తనంతట తానే వెలుగుతుంది, పురుగులు వచ్చి కింద సబ్బునీళ్ల పళ్లెంలో పడతాయి, కొన్ని గంటలకు తనే ఆరిపోతుంది. మందు డబ్బా ముట్టుకోకుండానే గుడ్లు పెట్టవలసిన తల్లి పురుగులు ఖాళీ!

బోరు మోటారు మరొకటి. మూడు ఫేజుల కరెంటు అర్ధరాత్రి వస్తే, టార్చి పట్టుకుని చేనుకు పోయి పాముల మధ్య మోటారు వేయడం సీమ రైతుకు అలవాటైన కష్టం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం కుసుం పథకం కింద వచ్చే సోలార్ పంపు పట్టపగలు నడుస్తుంది. ఎండ ఎక్కువున్న రోజే పైరుకు దాహం ఎక్కువ, ఆ రోజే పంపు కూడా ఎక్కువ తోడుతుంది. ఇంత చక్కగా అమరిన జోడీ ఇంకెక్కడుంది?

బెంగళూరులో 1995 నుంచి పనిచేస్తున్న సెల్కో సంస్థ చేస్తున్నవైతే కూర్చోబెట్టి మరీ చూపించాలనిపించేవి. దాని స్థాపకుల్లో ఒకరైన హరీశ్ హండేకు 2011లో మెగసెసే అవార్డు వచ్చింది. కుట్టుమిషనుకు సోలార్ మోటారు, కమ్మరి కొలిమికి సోలార్ బ్లోయరు, రొట్టెలు వత్తే యంత్రం, పాలు పితికే యంత్రం. కుట్టుమిషను కాలితో తొక్కితొక్కి మోకాళ్లు పోగొట్టుకున్న అక్కలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? కరెంటు పోయినా కుట్టు ఆగదు, బిల్లు రాదు. రేశం సూత్ర అనే సంస్థ తయారుచేసిన సోలార్ పట్టు రీలింగ్ యంత్రాలు ఇంకో ఆశ్చర్యం. టసర్ పట్టు తీసే ఆడవాళ్లు దారాన్ని తొడ మీద రుద్ది పేనే పద్ధతి తరాలుగా ఉంది. తొడ చర్మం ఒరిసిపోయే ఆ పనిని తప్పించి ఈ యంత్రం వచ్చింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు దగ్గరగా ఉన్న పావగడ, మడకశిర ఊళ్లలో మల్బరీ గూళ్లకు తగిన ఇలాంటి చిన్న యంత్రాలు ఇంటింటా ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. టమాటా ధర పడిపోయి రోడ్డు మీద పారబోసే రోజుల్లో సోలార్ డ్రయ్యరు ఒకటి ఊరికుంటే, ముక్కలు ఆరబెట్టి దాచుకోవచ్చు.

వంట సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది మన తిరుమల కొండ మీద జరిగింది. అక్కడ పలకలు కాదు, అద్దాలు. ఆస్ట్రియాకు చెందిన వుల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ రూపొందించిన వంపు తిరిగిన అద్దాల పళ్లేలు 106 కట్టి, సూర్యుడి వేడితో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో రోజుకు పదిహేను వేల మందికి భోజనం వండే ఏర్పాటు 2002లోనే అక్కడ చేశారు. వెంకన్న ప్రసాదం తిన్న ఎంతమందికి ఆ అన్నం ఎండతో ఉడికిందని తెలుసు! నాకైతే ఈ మధ్యే తెలిసింది, తెలిసిన దగ్గర నుంచి ఊరుకోలేకపోతున్నాను.

కాబట్టి పాఠకులకు నా విన్నపం. పెనుకొండ, మడకశిర, కల్యాణదుర్గం వైపు వెళ్లే పని పడితే, నాగలమడికె స్వామిని చూసుకుని, ఆ దారిలోనే తిరుమణి దాకా వెళ్లి రండి. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి. కంచె బయటి నుంచి చూసినా చాలు. సైన్సు పుస్తకంలో అర పేజీలో ఉన్న బొమ్మ 13,000 ఎకరాలు పరుచుకుని ఉంటుంది. సొంత ఇల్లు, ఎండ పడే డాబా ఉంటే 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం గురించి కనుక్కోండి. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా కేంద్రం సబ్సిడీ ఇస్తోంది.

పార్కు నడిపేవాళ్లకూ, అక్కడ కరెంటు అమ్ముకునే కంపెనీలకూ ఒక మాట. ఆ అయిదు ఊళ్లలో భూమి లేని ప్రతి కుటుంబానికీ పలకతో నడిచే ఒక పనిముట్టు ఇవ్వండి. కుట్టుమిషను కావచ్చు, పిండిమర కావచ్చు, పట్టు తీసే యంత్రం కావచ్చు. 2,050 మెగావాట్ల పక్కన అది లెక్కలోకి కూడా రాదు. ఆ ఇళ్లలో మాత్రం రెండు పూటలా పొయ్యి వెలుగుతుంది.